ఎర్ర అద్దంలో తొమ్మిది

నాందేడ్,
14 డిసెంబర్ 1975, ఆదివారం.

బాగీ,

మీ అమ్మ నిన్ను పిలిచే పేరుతో పిలిచాను, కోపం తెచ్చుకోకు. ఇంతకు ముందు నీకు ఎప్పుడు రాసినా పైన చి.ల.సౌ. అని పెట్టి మొదలుపెట్టేదాన్ని. ఈసారి ఆ అక్షరాలు రాయబోతే చెయ్యి ఆగిపోయింది. అందుకని నీ ముద్దుపేరు రాశాను. నీకూ బాబుకూ నా ఆశీర్వాదాలు. మీ అమ్మానాయనలకు నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం అని రాయాలి. బతికి ఉన్నాను, అంతే రాయగలను.

బోధన్‌లో మూడో తరగతి దాకా చదివినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదువుకో. హన్మాండ్లు రాసిపెడతానన్నాడు, వద్దన్నాను. ఒకరితో చెప్పి రాయించే ఉత్తరం కాదిది.

మీ నాయన రాసిన కార్డు హన్మాండ్లుకే వచ్చింది. మన స్టూడియోలో ఫిలిములు కడుగుతూ కడుగుతూ ఇప్పుడు అన్నీ అతనే చూసుకుంటున్నాడు కదా. ఇంటికి తెచ్చి చదివాడు. మొగపిల్లగాడు పుట్టిండు, తల్లీ పిల్లగాడు మంచిగున్నరు అని ఉంది. ఇంకోసారి చదువు అన్నాను. గంతే ఉంది పెద్దమ్మా, మల్ల చదివితే పెరుగుతదా అన్నాడు. పోతూ పోతూ కార్డు నాకే ఇచ్చిపోయాడు. నాకు రాయనందుకు మీ నాయనను ఒక్క మాట కూడా అనను. ఆ తలుపు మూసింది నేనే.

చందర్ పోయిన పదో రోజు నేనన్న మాట నువ్వు మరిచిపోయి ఉండవు. ఇంటినిండా జనం. కడుపుతో ఉండి ఫోటో దిగింది, కెమెరా అద్దం ముంగట కడుపు చూపిచ్చింది, ఆ దిష్టే నా కొడుకును తిన్నది అన్నాను. నా దిక్కు ఒక్కసారి చూశావు. తెల్లారి ఏడో నెల కడుపుతో మీ నాయన వెంట బిలోలి బస్సెక్కావు. దుఃఖంలో నోరు జారింది బిడ్డా. కామెర్లు వచ్చిన తొమ్మిది రోజులకే కొడుకు పోతే తల్లి నోరు ఎట్లా ఉంటుందో నువ్వే ఆలోచించు.

ఎల్లుండి మంగళవారం హన్మాండ్లు బిలోలికి పనిమీద వస్తాడు. అక్కడినుంచి మీ ఊరు సగరోళి దాకా వచ్చి ఈ ఉత్తరమూ చందర్ కెమెరా నీ చేతికే ఇస్తాడు. పైనుంచి తల వంచి చూసే ఆ రెండు కళ్ళ కెమెరా. లోపల ఫిలిం రోలు అట్లాగే ఉంది. పన్నెండు బొమ్మల్లో ఎనిమిదోది నీది. అది తీశాక మర తిప్పి, ఇగ ఈ నాలుగు నా బిడ్డకు అని బీరువాలో పెట్టాడు. మళ్ళీ ముట్టలేదు. వెనక చిన్న ఎర్ర అద్దంలో తొమ్మిది అంకె కనిపిస్తుంది. మూడు నెలలుగా ముఖం కడుక్కోగానే ఆ తొమ్మిదినే చూస్తున్నాను. కడుగుతానని హన్మాండ్లు ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు.

ఆ తొమ్మిదిలో బాబును తియ్యి. నువ్వే తియ్యి. చూడడం, నొక్కడం నీకు చందర్ నేర్పాడు. మిగతాది నాకు తెలుసు. మగవాడు ఒక్కడే పురిటి గదిలోకి పోతే బాగుండదని ఎనిమిదేళ్ళు పసిపిల్లల ఫోటోలకు నన్ను వెంట తీసుకుపోయాడు కదా. తెల్లగుడ్డ పట్టుకుని నిలబడి నిలబడి నేర్చుకున్నాను.

మీ ముందు గదిలోకి ఎండ నేరుగా పడుతుంది, అక్కడ వద్దు. బియ్యం బస్తాలుండే గది ఉత్తరం కిటికీ మంచిది. పెళ్ళిచూపులకు వచ్చిన రోజున చందర్ నిన్ను చూడాల్సింది పోయి ఆ కిటికీనే చూస్తూ కూర్చున్నాడు. పిల్ల ఎట్లుందిరా అని బస్సులో అడిగితే, వెలుగు మస్తుందమ్మా అన్నాడు. ఎండ రావద్దు, వెలుగు రావాలె అనేది వాడి మాట. పొద్దున తొమ్మిది దాటాక, పదకొండు లోపల చూసుకో. మబ్బు ఉంటే ఇంకో రోజు. ఒకవేళ ఎండ తగిలితే మీ నాయన పలచటి ధోతి ఒకటి కిటికీకి కట్టు. కరెంటు బల్బు ఆర్పెయ్. అది నెత్తిమీంచి పడి కళ్ళ కింద గుంతలు చేస్తుంది.

బాబును మంచం మీద కాదు, కింద చాప మీద పడుకోబెట్టు. మందంగా బొంత వేసి, దానిమీద ఉతికి ఉతికి మెత్తబడ్డ చీర పరుచు. పూలూ గళ్ళూ లేనిది. పూల బట్ట మీద పిల్లను వెతుక్కోవాల్సి వస్తుంది. తల కిటికీ వైపు ఉంచి, కొంచెం ఏటవాలుగా తిప్పు. వెలుగు నుదుటి మీది నుంచి ముక్కు మీదుగా పెదవి కింది గదవకు జారాలి. కాళ్ళ దిక్కు నుంచి వస్తే ముక్కు నీడ పైకి పోయి ముఖం పాడవుతుంది. కిటికీకి అవతలి పక్క చెంప నల్లబడుతుంది కదా, అక్కడ జానెడు దూరంలో తెల్లగుడ్డ నిలబెట్టి పట్టుకోవాలి. అప్పుడు ఆ చెంప కూడా కళ్ళు తెరిచినట్టు వెలుగుతుంది. అది నా పని. ఇప్పుడు మీ అమ్మ చెయ్యాలి. చెయ్యి కదలనియ్యవద్దని చెప్పు.

నూనె పెట్టి నీళ్ళు పోసి, సాంబ్రాణి పట్టి, కడుపునిండా పాలిచ్చాక తియ్యి. అప్పుడు పిడికిళ్ళు వాటంతట అవే విడిపోతాయి. సాంబ్రాణి పొగ పోయేదాకా ఆగు, పొగలో ఫోటో మసకబారుతుంది. నుదుటి మీది నూనె మెత్తటి గుడ్డతో అద్దెయ్, మెరుస్తుంది. గది చల్లగా ఉంటే ముందే కుంపటి పెట్టి వేడిచేసి, బాబును తెచ్చేముందు కుంపటి బయట పెట్టించు. బొగ్గుల పొగ పిల్లలకు మంచిది కాదు. నీ చేతులు రుద్దుకుని వెచ్చగా చేసుకుని ముట్టుకో. కెమెరా తాడు మెడలో వేసుకో, వంగినప్పుడు బాబు మీద పడవద్దు. మీ అమ్మ రెండో చెయ్యి ఎప్పుడూ బాబు పక్కనే ఉండాలి. ఏడిస్తే ఆపెయ్. రేపు తీసుకోవచ్చు.

కాటుక గురించి. ఒకసారి ఒక మరాఠీ వాళ్ళ ఇంట్లో ముసలమ్మ చెంప మీద రూపాయి బిళ్ళంత చుక్క పెట్టింది. ఫోటోలో అది బొక్కలాగ వస్తుందని చందర్ అంటే, నజర్ లాగేల్, దిష్టి తగులుతుంది అని కొట్టినంత పని చేసింది. అరికాలుకు పెట్టు ఆజీ, దిష్టి నడుచుకుంట అస్తది గద, కాలు కాడనే ఆగుతది అన్నాడు. ముసలమ్మ నవ్వి రెండు అరికాళ్ళకూ పెట్టింది. నువ్వూ అట్లాగే పెట్టు.

కెమెరా సంచిలో చందర్ చేతిరాత చీటీ ఉంది. కిటికీ కాడి వెలుగుకు కెమెరాలో ఏ అంకె పెట్టాలో రాసి ఉంది. అట్లాగే పెట్టు. చీటీ పారెయ్యకు. ఎర్ర అద్దానికి ఎండ తగలనియ్యకు, వెనక మూత తెరవకు.

మీ అమ్మ, సుమిత్రాబాయి వదిన, వద్దంటుందని తెలుసు. పుట్టువెంట్రుకలు తియ్యకముందే ఫోటో దించితే ఆయుష్షు తగ్గుతుందని అంటుంది. నేనూ అన్నదాన్నే. చందర్ కంటే ముందు నాకో ఆడపిల్ల పుట్టిందని నీకు చెప్పాను కదా. బియ్యంలో పొర్లినట్టు తెల్లగా ఉండేది. మీ మామయ్య ఫోటోలాయనను పిలుచుకొస్తే మా అత్త వాకిట్లోంచే పంపించేసింది. ఫోటో దించనే లేదు, అయినా పదకొండో రోజు పోయింది. ముప్పై ఏళ్ళయింది. దాని ముఖం నాకు యాదికి లేదు బాగీ. చెవి ఒక్కటే గుర్తుంది, కుడిచెవి, మడత పడి ఉండేది. ఆ చెవి చుట్టూ ముఖం పెట్టుకుందామని ఎంత చూసినా రాదు. ఈ మాట వదినకు చదివి వినిపించు.

తొమ్మిదిలో బాబు ముఖం తియ్యి. పదిలో పాదాలు. పదకొండు మీ తమ్ముడి చేత నొక్కించి, నువ్వు బాబును ఎత్తుకో. పన్నెండు నీ ఇష్టం.

ఎనిమిదో బొమ్మ తీసిన రోజు నీకు గుర్తుందా. నేను గుడ్డ పట్టుకుంటే చందర్ కెమెరా పై అద్దంలోకి చూసి, అమ్మ చెయ్యి కూడ పడుతుంది, పడనియ్యి, ఈ ఫోటోల ఆ చెయ్యి ఉండాలె అన్నాడు. ఎందుకని నువ్వడిగితే నవ్వి మర తిప్పాడు. ఆ నవ్వు తర్వాత ఇంట్లో నవ్వు వినలేదు.

ఇంక ఉంటాను. బాబును నా బదులు ఒకసారి వాసన చూడు.

నీ అత్తమ్మ,
అనుసూయాబాయి.

తా.క.: కవరు మూసి మళ్ళీ తెరిచాను. పైన దుఃఖంలో నోరు జారిందని రాశాను. అది అబద్ధం. తెలిసే అన్నాను.

కడుపుతో ఉన్న నీ ఫోటో తియ్యమని చందర్‌ను అడిగింది నేను. నువ్వు నీళ్ళకు పోయినప్పుడు అడిగాను. నా పిల్ల ముఖం పోయింది, దీని కడుపన్న దాచిపెట్టు కొడుకా, నేనడిగిన్నని మాత్రం చెప్పకు, వాడకట్టోళ్ళు నవ్వుతరు అన్నాను. నువ్వు రెండుసార్లు వద్దన్నావు. అత్తమ్మ కోపం చేస్తది అన్నావు. నేను కోపం ఉన్నట్టే మూతి ముడుచుకుని గుడ్డ పట్టుకున్నాను. నా మాట నిలబెట్టడానికి వాడు అంతా తన కోరికే అయినట్టు నిన్ను బతిమాలి ఒప్పించాడు. ఆ చెయ్యి ఉండాలె అన్నది అందుకే.

పదో రోజు అందరూ ఏం తప్పు జరిగిందని అడుగుతుంటే, నేనడిగిన ఫోటోయే వాణ్ణి తిన్నదేమోనని నాకు భయం పట్టుకుంది. ఆ భయం నా దగ్గర ఉంచుకోలేక నీ మీద వేశాను. కాపాడాల్సిన నీ మీద. నువ్వు చూసిన ఆ ఒక్క చూపు నా కళ్ళ ముందునుంచి పోలేదు.

నిన్న ఆ రోజు ఉన్నవాళ్ళందరినీ పిలిచి ఇదే చెప్పాను. శాంతాబాయి చాయ్ ముట్టకుండా లేచి వెళ్ళిపోయింది. పోనీ. నలుగురిలో అన్నది నలుగురిలోనే దించుకోవాలి కదా. ఈ కాగితం మీ నాయనకు కూడా చూపించు.

రోలు నిండాక హన్మాండ్లుకు ఇస్తావో, నీ దగ్గరే పెట్టుకుంటావో నీ ఇష్టం. నాకు పంపకపోయినా అడగను. కెమెరా మాత్రం నీదీ బాబుదీ.

చంటిపిల్లగాడు నీ పాల మీద ఉన్నాడు. నా మీది కోపం అన్నం మీద చూపించకు. వేళకు, వేడిగా, కడుపునిండా తిను.