కాడజెముడు పాలు

మార్చి 4, సాయంత్రం

...అక్కడ ఆపేశాను, అమ్మ గదిలోకి వచ్చిందని. ఎక్కడిదాకా రాశాను? స్విమ్మింగ్. సోమవారం అందరం డీప్ ఎండ్‌లోకి దూకాలి. నాకు భయం అంటే కోచ్, నీళ్ళేమైనా కరుస్తాయా అన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు.

ఒంటి మీద దద్దుర్లుంటే పూల్‌లోకి రానివ్వరు. పక్క బెంచీ అమ్మాయి ఐడియా ఇచ్చింది. మా బాల్కనీలో ఉన్న పెన్సిల్ మొక్కే. ఆకులుండవు, అన్నీ పుల్లలే, కొసలు ఎర్రగా. ఈ ఎండల ఊళ్ళో రోడ్ల మధ్య, బ్యాంకుల ముందు, ఎక్కడ చూసినా అదే. వారాల తరబడి నీళ్ళు పోయకపోయినా కిక్కురుమనదు. పుల్ల తుంచితే పాలు కారతాయి. అవి చేతికి రాసుకోవాలట.

నానమ్మ దాన్ని కాడజెముడు అంటుంది. దాని జోలికెళ్తే కళ్ళు పోతాయని అందరినీ బెదిరిస్తుంది. పాపం, తన కంటికే ఈమధ్య కాటరాక్ట్ ఆపరేషన్ అయింది. చుక్కలు వేసే డ్యూటీ నాది. అమ్మ వేస్తే పొడిచినట్టుంటుందట, నాన్న వేస్తే చెవిలో పడతాయట. నాదే తేలికైన చెయ్యట.

మార్చి 8, ఆదివారం

వర్కయింది! మోచెయ్యి దగ్గర ఎర్రగా లేచింది. మండుతోంది కానీ హ్యాపీ.

మార్చి 8, మళ్ళీ

నేను చేతులు కడుక్కోలేదు.

మార్చి 9, స్కూల్ బస్సు

రాసేస్తాను. ఎవరికీ చెప్పలేను కదా.

నిన్న తుంచిన పుల్లను కుండీ వెనక పారేసి, నా దద్దుర్లు చూసుకుని మురిసిపోతున్నాను. చుక్కల టైమైందని నానమ్మ పిలిచింది. వెళ్ళి, ఎప్పటిలాగే వేలితో కింది రెప్ప లాగాను. అంతే. నానమ్మ అరవలేదు. మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. తర్వాత తడుముకుంటూ తనే సింక్ దగ్గరికెళ్ళి కుళాయి కింద మొహం పెట్టేసింది. నేను గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాను. కనీసం చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళొచ్చు కదా. ఆ చేత్తో పట్టుకోవడానికి భయమేసింది.

హాస్పిటల్లో డాక్టర్ కంట్లో ఏం పడిందని అడిగింది. నాన్న చుక్కల సీసా వైపు చూశాడు, అమ్మ నా వైపు. నేను చేతులు వెనక్కి దాచుకున్నాను.

అప్పుడు నానమ్మ చెప్పింది. "కాడజెముడు పాలమ్మా. నేనే పుల్ల తుంచాను. ఆ చేత్తోనే నలుపుకున్నాను."

ఏం పడిందో తెలియడం చాలా మంచిదైందట. నీళ్ళతో ఎంతసేపు కడిగారో. తర్వాత కట్టు కట్టారు.

కానీ నిన్న పొద్దున్నుంచీ నానమ్మ బాల్కనీలోకే రాలేదు.

మార్చి 9, సాయంత్రం

నన్ను గట్టు మీద కూర్చోబెట్టారు. అందరూ దూకారు. ఎవరికీ ఏమీ కాలేదు.

మార్చి 11

నాన్న మొక్కని కుండీతో సహా కిందికి దింపించాడు. ఇంకా కోపం తగ్గలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది మా అమ్మ సంగతి అన్నాడు. నానమ్మ నవ్వింది, కట్టు కదిలేంతగా. నేను అక్కణ్ణుంచి లేచొచ్చేశాను.

నాన్న అమ్మతో గుసగుసగా అంటుంటే విన్నాను. ఆవిడ మతి సరిగ్గా లేదు, పగలంతా ఒంటరిగా వదిలితే ఇంకేం చేసుకుంటుందో, అత్తయ్య దగ్గరికి పంపేద్దాం అని. అత్తయ్య ఊరు ఇక్కడికి రైల్లో ఒక రోజు.

మతి లేనిది నానమ్మకి కాదు.

మార్చి 12

కట్టు విప్పారు. పొగలోంచి చూస్తున్నట్టు ఉందట. తగ్గొచ్చు, కొంచెం మిగిలిపోనూ వచ్చు అంది డాక్టర్. చుక్కలు ఇకమీదట అమ్మే వేస్తుందని నాన్న ఆర్డర్. అత్తయ్య రేపొస్తోంది. నానమ్మ చీరలు అప్పుడే బ్యాగులో సర్దేశారు.

నాన్నకి చెప్పాలి. హాల్లోనే ఉన్నాడు. ఇందాక తలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. చెప్తే కొడతాడని కాదు. ఇక నానమ్మ కన్ను చూసినప్పుడల్లా నన్ను

తలుపు కొడుతున్నారు. నానమ్మే. గోడ పట్టుకుని ఇంతదూరం వచ్చేసింది.

"చేతులు కడుక్కుని రావే తల్లీ, చుక్కలెయ్యాలి."

కడుక్కుని అంది. మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా. ఇదివరకెప్పుడూ అలా అనలేదు.

కాయితాలు దిండు గలీబులో పెట్టేస్తున్నాను. ముందు చేతులు. తర్వాత చుక్కలు. తర్వాత హాల్లోకి