గోగునార బలం

8 జూలై 1974
నాచారం ల్యాబ్‌లో ఇవాళ, గట్టిపడే జిగురు రెజిన్‌తో పోసిన ఆరు పట్టీలు లాగి తెంపాం. ఉత్త రెజిన్‌ది చదరపు మిల్లీమీటరుకి ఐదు కిలోల దాకా ఆగింది. గోగునార కలిపింది నాలుగుకే తెగింది. బలం కోసం కలిపిన నార ఉన్న బలాన్నీ తినేసింది. ఇరవయ్యో తేదీలోగా లెక్క మారకపోతే నార పని ఆపేస్తామన్నారు మా ఆఫీసర్ అచ్యుతరావుగారు. రెండేళ్ల పని. నాకు ఏడుపొక్కటే తక్కువ.

11 జూలై
తెగిన చోటు లెన్స్ కింద చూశాను. నార తెగలేదు, రెజిన్‌లోంచి నున్నగా జారి వచ్చేసింది. దాని మీద ఏదో ఉంది. రిపోర్టులో రాసేశాను: నార చిక్కు తీసే రాహేలు అజాగ్రత్త. అది చదివి వినిపించి, రేపటినుంచి రావద్దని అచ్యుతరావుగారు ఆమెకి చెప్పేశారు.

12 జూలై
రాహేలు రాలేదు.

13 జూలై
నార నేనే దువ్వుదామని ఆమె బల్ల దగ్గర కూర్చున్నాను. సొరుగులో దువ్వెన, కొబ్బరినూనె సీసా.

చిక్కు కనబడకూడదు, జడలా నున్నగా ఉండాలి అని జూన్‌లో ఆమె మీద అరిచింది నేనే. ఆమె జడకి చేసినట్టే చేసింది. నూనె ఉంటే రెజిన్ పట్టదని ఆమెకెవరు చెప్పాలి? ఎమ్మెస్సీ చదివింది నేను. సిగ్గేసింది.

17 జూలై
నారని సబ్బునీళ్లలో ఉడికించి, బయట ముసురు కాబట్టి ఓవెన్‌లో ఆరబెట్టి, కొత్త పట్టీలు పోశాను. తొమ్మిది కిలోల దాకా ఆగాయి. ఈసారి నారే తెగింది. అచ్యుతరావుగారు భుజం తట్టారు. పాత రిపోర్టు మాత్రం కదపొద్దన్నారు. ఆగస్టులో నా ప్రమోషన్ ఉందట, తప్పు నాదని ఎక్కడా కనబడకూడదట. సరే అనలేదు, కాదనీ అనలేదు. వట్టి పిరికివాణ్ణి.

18 జూలై
చిల్కానగర్‌లో రాహేలు ఇంటికి వెళ్లాను. ముందు పట్టీల సంగతే అడిగింది. నూనె గురించి చెప్పాను. జడలెక్క జెయ్యమన్నది మీరే గద సారూ అన్నది. కోపం లేదు. అదే ఎక్కువ బాధపెట్టింది. పనికి రమ్మన్నాను. పనికి ఫికర్ లేదు, ఏడనన్న దొరుకుతది, గా కాయితంల నా పేరు కొట్టేస్తెనే వస్త, ఏం తప్పు జేసినవని చర్చిల అందరడుగుతున్నరు అన్నది.

19 జూలై
కొట్టేశాను. పక్కన నా పేరు రాసి సంతకం పెట్టాను. ఆగస్టు మాట ఇక మరిచిపొమ్మన్నారు అచ్యుతరావుగారు.

20 జూలై
రాహేలు వచ్చింది. పొడి నార చిక్కు తీయడం నాకు నేర్పుతోంది. నా చేతిలో పోగులన్నీ తెగుతున్నాయి.