అన్నిటికీ ‘ఓకే’ అన్న లాజరు మామయ్య

కూచిపూడి, సోమవారం

ప్రియమైన మేనకోడలు శాలినికి మామయ్య వందనాలు. ఇక్కడ అందరం క్షేమం, నేను తప్ప.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేంటి అంటావా? మా ఇంటి ఫోన్ మీ అత్తయ్య చేతిలోనే ఉంటుంది. మెసేజ్ వచ్చినా ఆవిడే చదివి నాకు వినిపిస్తుంది. ఇదేమో ఆవిడకి తెలియకూడని సంగతి. అందుకే బెజవాడ బస్సు కండక్టర్ ఆరోన్ చేతికిచ్చి పంపుతున్నాను.

కంప్యూటర్ మరీ నత్తలా ఉందని కొత్త సిస్టమ్ నేనే ఎక్కించబోయాను. అది ఇంగ్లీషులో ఏవేవో అడిగింది. అడిగినవాళ్ళని కాదనడం నాకు చేతకాదని నీకు తెలుసుగా, అన్నిటికీ ‘ఓకే’ అన్నాను. ఉన్నదంతా తుడిచేసి, సగంలో ఆగిపోయింది. గొంతు ఆపరేషన్‌కి ముందు అత్తయ్య పాడిన ముప్పై రెండు పాటలూ అందులోనే ఉన్నాయమ్మా. ఆ గొంతు ఇక రాదు. చాలా భయంగా ఉంది.

నీ మామయ్య,
లాజరు

తా.క. అనుమానం రాకుండా రోజూ ఆ నల్లటి తెర ముందు కూర్చుని నవ్వుతున్నాను.

భవానీపురం, బుధవారం

మామయ్య గారికి శాలిని వందనాలు.

కంగారుపడకండి. తుడిచినా, వాటి మీద కొత్తవి ఎక్కేదాకా పాటలు డిస్కులో ఉండొచ్చు. మా వీధిలో షబ్బీర్ గారని, అలాంటివి బయటికి తీస్తారు. పాత డిస్కు ఊడదీయించి పంపండి. కొత్త డిస్కు పంపుతున్నాను. అందులోకి ఎక్కించాల్సిన సిస్టమ్ ఈ పెన్ డ్రైవ్‌లో ఉంది. జాగ్రత్త.

ఉంటాను,
శాలిని

తా.క. నవ్వడం ఆపండి. అనుమానం దానివల్లే వస్తుంది.

కూచిపూడి, శనివారం

అమ్మా శాలినీ,

పాత డిస్కు పంపుతున్నాను. కానీ చిన్న పొరపాటు జరిగింది. బస్సు దగ్గరికి నాకన్నా ముందు అత్తయ్య వెళ్ళింది. ఉత్తరం, కొత్త డిస్కు ఆరోన్ దాచేశాడు గానీ పెన్ డ్రైవ్ ఆవిడ చేతిలో పడింది. శాలిని ముచ్చటపడి పంపిందని చెప్పాను. అయితే తిరిగి ఖాళీగా పంపుతామా అంది. ఎవరింటి నుంచైనా కూర గిన్నె వస్తే కడిగి, ఏదో ఒకటి వేసి ఇస్తాంగా, అలాగే. దానమ్మ టీచర్ ఇంటి కంప్యూటర్‌లో పెట్టించి, లోపలున్నదంతా తుడిపించేసి, ఏదో నింపించుకొచ్చింది. ఏంటో చెప్పదు. చూద్దామంటే మనకి కంప్యూటర్ ఏది?

ఇట్లు, ఏమీ చెయ్యలేని
మామయ్య

తా.క. పెన్ డ్రైవ్‌లో పట్టని గోంగూర పచ్చడి సీసాలో వస్తోంది.

భవానీపురం, మంగళవారం

మామయ్యా,

కూర్చుని చదవండి. షబ్బీర్ గారు రెండు రోజులు కష్టపడ్డారు. డిస్కులో ఒక్క పాటా దక్కలేదు. మీకు ఎలా రాయాలో తెలీక, ఊరికే ఆ పెన్ డ్రైవ్ తెరిచాను. మేకపిల్లల ఫోటోలో, పచ్చడి కొలతలో ఉంటాయనుకున్నాను.

ముప్పై రెండు పాటలూ అందులో ఉన్నాయి మామయ్యా. ఆపరేషన్‌కి ముందే అత్తయ్య దానమ్మ టీచర్‌కి ఒక కాపీ ఇచ్చి ఉంచిందట. వింటూ ఏడ్చేశాను.

ముప్పై మూడోది పాట కాదు. అత్తయ్య ఇప్పటి బొంగురు గొంతుతో నాకు చెప్పిన మాటలు. మీరు తుడిచేసిన రోజే ఆవిడకి తెలిసిపోయిందట. ఆ రోజు ఎవరూ అడక్కుండానే గిన్నెలు తోమారట మీరు.

సిస్టమ్ ఎక్కించడానికి ఆదివారం నేనే వస్తాను. ఈలోగా మీరు చెయ్యాల్సిన పని ఒకటుంది, కింద రాశాను.

ప్రేమతో,
శాలిని

తా.క. అత్తయ్య చివర్లో అన్నది అన్నట్టే రాస్తున్నాను: “పోయిన గొంతు కోసం మీ మామయ్య అన్నం కూడా సరిగ్గా తినట్లేదు. ఈ గొంతు వచ్చి ఏడాదైంది శాలినీ, ఒక్క పాట పాడమని అడగలేదు. అడిగితే పాడనంటానా?”