రెండు రోజుల వాన

మార్చి 3, ఉదయం 8.30

నాడి తొంభై రెండు. వాన లేదు. మెయిల్ లేదు.

వాతావరణ కేంద్రంలో ఇరవై ఆరేళ్ళు ఇదే వేళకు వాన కొలిచే రెయిన్‌గేజ్ చూశాను. డెబ్బై రెండో ఏట నా ఆందోళనను కూడా ఇదే వేళకు, రోజుకు ఒక్కసారి మాత్రమే చూడాలని నిర్ణయించుకున్నాను. మిగతా సమయమంతా ఫోన్ కుట్టుమిషన్ సొరుగులో ఉంటుంది. నిన్న ఒక్కరోజే ఇన్‌బాక్స్ నలభై మూడుసార్లు తెరిచాను. లెక్కపెట్టాక సిగ్గేసింది.

ఎం.ఎస్సీ. అడ్మిషన్ల ఫలితం మూడు వారాల్లో తెలియజేస్తామన్నారు. మూడు వారాలంటే ఇరవై ఒక్క రీడింగులు. అంతకన్నా ఎక్కువ ఓపిక పట్టిన మనిషిని నేను.

మార్చి 5

నాడి ఎనభై ఎనిమిది. మెయిల్ లేదు.

అమ్మాయి ఫోన్ చేసింది. ఈ వయసులో సీటు కోసం బీపీ పెంచుకోవడం దేనికమ్మా, హాయిగా ఇంట్లో కూర్చోరాదా అంది. హాయిగా కూర్చోవడం నాకు ఏ వయసులోనూ చేతకాలేదన్నాను. పోనీ రిజల్ట్ వచ్చేదాకా మా ఇంట్లో ఉండు, తోడుగా ఉంటాను అంది. మెయిల్ చదవడానికి తోడెందుకే అన్నాను. నవ్వేసింది. నవ్విస్తే వదిలేస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

నన్ను అప్పట్లో ఇంట్లోవాళ్ళు పైచదువు చదవనివ్వలేదని ఆమె నమ్మకం. అబద్ధం. బి.ఎస్సీ. అవగానే ఉద్యోగం వచ్చింది, ఎగిరి గంతేసి వెళ్ళాను. చదువు మిగిలిపోయింది. మిగిలినది పూర్తి చేయాలనుకోవడంలో వింతేముందో నాకు అర్థం కాదు.

మార్చి 8

నాడి తొంభై. మెయిల్ లేదు.

కింద మందుల షాపాయన, ఏం పెద్దమ్మగారూ, మనవరాలికి సీటొచ్చిందా అని అడిగాడు. సీటు నాకన్నాను. మాత్రల స్ట్రిప్ పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తేరుకుని, అయితే ఇక స్టూడెంట్ డిస్కౌంట్ ఇవ్వాలి కాబోలు అన్నాడు. సీనియర్ సిటిజన్ డిస్కౌంటే ఇంతవరకూ ఇవ్వలేదు, ముందు ఆ సంగతి చూడమన్నాను.

మార్చి 11

నాడి నూట నాలుగు. రెండుసార్లు చూశాను. నూట నాలుగే.

దీనికి కారణం నాకు తెలుసు. రాయకుండా వారం దాటించాను.

ఆ పాత బి.ఎస్సీ. కాక నా దగ్గర ఉన్న అర్హత ఒక్కటే: వాతావరణ కేంద్రం మూసేసినప్పుడు అర్జీ పెట్టి తెచ్చుకున్న ఇరవై ఆరు వాన రిజిస్టర్లు, ఏడాదికొకటి. వాటి మీదే ప్రాజెక్టు చేస్తానని అప్లికేషన్‌లో రాశాను. ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. వెండి ఫ్రేము కళ్ళజోడు ప్రొఫెసరు పేజీలు తిప్పి తిప్పి చూసి, ఎక్కడా ఒక్క ఖాళీ గడి లేదే, ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా తప్పలేదా మేడమ్ అని అడిగింది. ఒక్కరోజు కూడా లేదన్నాను. వెన్ను నిటారుగా పెట్టి మరీ అన్నాను.

తప్పింది. పదకొండో రిజిస్టరు, జూలై పందొమ్మిది.

ఆ ఉదయం నేను నిద్రపోయాను. ఒంట్లో బాగానే ఉంది, పిల్ల ఆడుకుంటోంది, దారిలో వరదా లేదు. అలారం మోగితే నొక్కేసి మళ్ళీ పడుకున్నాను. లేచేసరికి పదకొండు. ఆ వేళకు వెళితే గేటు దగ్గర వాచ్‌మన్ చూస్తాడని వెళ్ళనే లేదు. మర్నాడు చూస్తే రెయిన్‌గేజ్‌లో రెండు రోజుల నీళ్ళు కలిసి ఉన్నాయి. ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు. అలాంటప్పుడు మొదటి గడి ఖాళీగా వదిలి, రెండో గడిలో మొత్తం వేసి, పక్కన ‘రెండు రోజులది’ అని రాయాలి. చూడనిది రాయకూడదు. నేను పంచి రాశాను. పదిహేడు, ఇరవై ఒకటి. సరిగ్గా సగమైతే అనుమానం వస్తుందని ఆ తేడా కూడా నేనే కల్పించాను.

మార్చి 12

అమ్మాయికి చెప్పాను. ఎప్పుడో కురిసిన వాన ఇప్పుడెవరికి కావాలమ్మా, నోరు మూసుకుని ఊరుకో అంది. కాసేపటికి తగ్గి, చెప్పి తీరాలంటే నాకు జ్వరమొచ్చిందని రాయి, అప్పుడు నాకు ఆరేళ్ళు, ఎవరు కాదంటారు అంది. నీ జ్వరం నీ దగ్గరే ఉంచుకోమన్నాను.

ఫోన్ పెట్టేశాక అరగంట ఆ జ్వరం గురించే ఆలోచించాను. ఎంత చక్కగా అతుకుతుందో.

మార్చి 13

ఈ రోజు రీడింగ్ తీయలేదు.

మార్చి 14

తప్పు అంకెను చెరపకూడదన్నది ఉద్యోగంలో నాకు నేర్పిన మొదటి పాఠం. ఒక్క గీత కొట్టాలి, కింది అంకె కనబడుతూనే ఉండాలి, పైన సరైనది రాసి పక్కన పొడి సంతకం పెట్టాలి. పదకొండో రిజిస్టరు తీసి అలాగే చేశాను. పదిహేడు కొట్టేసి ఏమీ రాయలేదు. ఇరవై ఒకటి కొట్టేసి ముప్పై ఎనిమిది వేసి, పక్కన ‘రెండు రోజులది’ అని రాశాను. సంతకం కింద ఈ రోజు తేదీ.

ఫోటో తీసి ప్రొఫెసరుకు మెయిల్ చేశాను. ఇంటర్వ్యూలో మీకు అబద్ధం చెప్పాను అని మొదలుపెట్టాను. కారణం దగ్గర ‘నిద్రపోయాను’ అని టైప్ చేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

సీటు పోతే పోనీ అని ఇక్కడ రాయబోయాను. రాయలేను. నాకా సీటు కావాలి. చాలా కావాలి.

మార్చి 15

నాడి ఎనభై. జవాబు లేదు.

మార్చి 18

నాడి డెబ్బై ఎనిమిది. జవాబు వచ్చింది, ఒక్కటే వాక్యం: మీ సవరణ అందింది, కమిటీ ముందు పెడతాను. ఆ వాక్యంలో కోపం ఉందా, మెప్పు ఉందా అని ఐదుసార్లు చదివాను. రెండూ లేవు. నేను రాసినా అలాగే రాసి ఉండేదాన్ని.

మందుల షాపాయన, ఏమైంది స్టూడెంట్‌గారూ అని మెట్ల దగ్గరే అడిగాడు. కేసు కమిటీలో ఉందన్నాను. కొత్తగా ఏ కేసు పెట్టుకున్నారండీ బాబూ అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

మార్చి 21

8.30 అని రాయను. ఇప్పుడు తొమ్మిదీ పది. నిద్రపోయాను.

నాడి డెబ్బై నాలుగు. తెల్లవారుజామున వాన పడినట్టుంది, బాల్కనీ తడిగా ఉంది. ఎంత పడిందో తెలియదు. మెయిల్ లేదు.

మార్చి 24, ఉదయం 8.30

సీటు వచ్చింది.

అడ్మిషన్ ఫారంలో గార్డియన్ పేరు, ఫోన్ నంబరు అడిగారు. అమ్మాయి తన పేరు రాసేయమంది. లేనిది రాయకూడదు. గడి ఖాళీగా వదిలి, పక్కన పొడి సంతకం పెట్టాను.