కత్తిరించని అరవై రెండు ఫొటోలు

నేవన్, ఐర్లండ్,
9 ఫిబ్రవరి 2021

చిరంజీవి జెమీమాకు,

నాన్న ఆశీస్సులు. ప్రభువు దయవల్ల నేను క్షేమం. లిమరిక్‌లో నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. దగ్గు తగ్గింది. బీపీ మాత్రలు మానలేదు. కోవిడ్ అయిదు కిలోమీటర్ల నిబంధన ఎత్తేసేదాకా బయల్దేరకు.

అమ్మ తీసిన పెంగ్విన్ ఫొటోలకు పరిశోధకుల జవాబు వచ్చిందా అని రాశావు. నీ ఉత్తరం అందేనాటికి నేను పంపనే లేదు. పంపానని ఫోనులో అబద్ధం చెప్పాను. రొమ్ము మీది నల్లచుక్కలు చూసి ఏ పక్షి బతికుందో వాళ్లు గుర్తుపడతారని నువ్వు చెప్పినా, పంపడానికి ఆ ఫొటోలున్న కెమెరా లేదు.

అమ్మా నేనూ వెళ్లినప్పుడు కేప్‌టౌన్ దగ్గర తీరంలో జరిగింది నీకు చెప్పలేదు. ఒక సీగల్ పక్షి పెంగ్విన్ గూట్లోంచి పిల్లను ఈడ్చింది. పొట్ట చీల్చి పేగులు లాగింది. పిల్ల ఇంకా కాళ్లు కొట్టుకుంటోంది. తల్లో తండ్రో, పెద్ద పెంగ్విన్ ఆ సీగల్‌ను పొడుస్తూనే ఉంది. దాని రొమ్మంతా రక్తం. అమ్మ ఆపకుండా ఫొటోలు తీసింది.

"రోజీ, చాలు, రా."

"భయమైతే మీరు అటు తిరగండి. వార్డులో ఇంతకన్నా చూశాను. పోయే ప్రాణాన్ని ఎవరో ఒకరు చూడాలండీ."

అటు తిరిగాను.

కిందటేడాది ఏప్రిల్‌లోనూ అదే చేశాను. అమ్మతో పనిచేసిన మీ శాంత ఆంటీ వార్డులోంచి వీడియో కాల్ చేసింది. అమ్మ ఊపిరాడక మంచం మీద ఎగిరెగిరి పడుతోంది. "అన్నయ్యా, మాట్లాడండి, వినపడుతుంది" అంది శాంత. నేను ఫోను బల్లమీద బోర్లా పెట్టేశాను. పది నిమిషాలు. తిప్పేసరికి అయిపోయింది. చివరిదాకా చూశానని నీకు చెప్పాను. చూడలేదమ్మా.

సమాధి చేసిన మర్నాడు అమ్మ కెమెరాను పెరటి గోడమీద పెట్టి సుత్తితో పిండి చేశాను. తలుపు సందులో పడ్డాయని నీకు చెప్పిన వేళ్లు అక్కడ చితికినవే. పక్కింటివాళ్లు పోలీసు గార్డులను పిలిచారు. వచ్చినతను రెండు మీటర్ల దూరాన నిలబడి, "యు గ్రాండ్ దేర్?" అన్నాడు, బాగానే ఉన్నావా అని. చేతి నుంచి రక్తం కారుతుండగా "గ్రాండ్" అన్నాను.

నీ ఉత్తరం చదివాక బట్టల ప్రెస్ తలుపు తెరిచి అమ్మ నర్సు యూనిఫాం బయటికి తీశాను. వార్డులో చూపిస్తానని పట్టుకెళ్లిన మెమొరీ కార్డు జేబులోనే ఉంది. అరవై రెండు ఫొటోలు. మొదటి రోజు నాలుగు చూసి మూసేశాను. మూడో రోజుకు అన్నీ చూశాను. రక్తం కిందనుంచి ఆ పెద్ద పక్షి చుక్కలు కనిపిస్తున్నాయి. ఏడు. ఏదీ కత్తిరించకుండా, తేదీలతో పంపాను. అందరూ అందమైనవే పంపుతారట, ఇలాంటివి అరుదని వాళ్లు రాశారు.

అమ్మవి ఆ చివరి పది నిమిషాలు శాంత చూసింది. ఆమె నేవన్‌లోనే ఉంది. నువ్వు వచ్చాక ఇద్దరం వెళ్లి వాటి గురించి అడుగుదాం.

ఇట్లు,
మీ నాన్న,
ఆమోసు