గోడమీది మీ నియమం

ఏమండీ,

మీరు పోయి నేటికి ఏడాది. పొద్దుటి నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

నిన్న మీరు పెట్టిన కాలవగట్టు గ్రంథాలయంలో అధ్యక్షుడి ఎన్నిక. రైస్ మిల్లు సుబ్బారావుగారు, రొయ్యల చెరువుల వెంకట్రావుగారు చెరో ముప్పైమందిని వెంటేసుకొచ్చారు. మీరుంటే, రోమ్ కోసం కొట్టుకున్న సేనానుల పేర్లు పెట్టి "సీజరూ, పాంపేయూ దిగారే" అనేవారు. తోపులాటలో రెండు కుర్చీలు విరిగాయి.

"ఏటేటా ఈ గోలేంటండీ? సుబ్బారావుగారినే శాశ్వతంగా ఉంచేద్దాం, చేతులెత్తండి!" అన్నారెవరో.

పాత రోమ్ రిపబ్లిక్‌లోలాగే పదవి ఏడాదేనని మీరు రాసిన నియమం ఎదురుగా గోడమీదే ఉంది. ఆ రిపబ్లిక్‌ను కూల్చింది సైన్యాధిపతులే కాదు, గొడవలకు విసిగి సీజర్‌కు జీవితాంతం అధికారం కట్టబెట్టిన సెనేట్ పెద్దలు కూడా అని ముప్పయ్యేళ్లు టెన్త్ పిల్లలకు చెప్పాను.

నాకు ఇంటికి పోయి నడుం వాల్చాలనిపించింది. మొదట లేచిన చెయ్యి నాదేనండీ.