గేటు దాకా ఇనుప గొట్టం

శ్రీవారికి,

ఇక్కడ అత్తయ్య, కవలలు, నేను కులాసాగానే ఉన్నాం. కొండవైపు ఆకాశం మాత్రం వారం నుంచీ మసిపట్టిన గిన్నెలా ఉంది. అవతలి లోయలో అడవి అంటుకుందట. గాలి ఇటు తిరగకపోతే చాలు. ఓడరేవులో మీ క్రేను, మీ దగ్గు ఎలా ఉన్నాయో రాయండి.

మీరు అడిగినవాటికి జవాబులు. పైకప్పు చెక్కలు పీకించి రేకులు వేయించాను. అటకకు గాలి వచ్చే కంతలన్నిటికీ సన్నటి ఇనుప జాలీ కొట్టించాను. నిప్పురవ్వలు ముందు అక్కడే దూరతాయట. చూరు కాలువలో ఎండుటాకులు నేనే నిచ్చెనెక్కి తీశాను. కోప్పడకండి, కింద నిచ్చెన పట్టుకున్నది మీ అమ్మగారే. ఆవిడకు కళ్లు కనబడవు కాబట్టి నేనెంత ఎత్తులో ఉన్నానో తెలియలేదు. గోడ పక్కనున్న కట్టెలన్నీ గేటు అవతలికి మోశాను.

"నా కంచె ఎందుకు పీకించావు?" అని మీ ఉత్తరంలో నిష్ఠూరమాడారు. మీరు ఒక్కో చెక్కా కోసి కట్టుకున్నదని నాకు తెలియదా? అటవీ శాఖ ఆయన వచ్చి చూసి, "అమ్మా, నిప్పు ఈ కంచె పట్టుకుని నేరుగా మీ గుమ్మంలోకొస్తుంది" అన్నాడు. కంచెనూ, దాని పక్క పొదల్నీ ఆ రోజే తీయించేశాను.

అక్కడే నా బుర్ర పనిచేయలేదు. అత్తయ్య గుమ్మం నుంచి గేటు దాకా ఆ కంచె తడుముకునే కదా నడిచేవారు! మర్నాడు పిల్లలకు స్నానం చేయించి వచ్చి చూస్తే, బోసిపోయిన ముంగిలి మధ్యలో చేతులు చాచి నిలబడి ఉన్నారు. ఎంతసేపయిందో.

"పిలవొచ్చు కదా అత్తయ్యా!"

"నా ఇంట్లో నేనే తప్పిపోయానని అరవమంటావా?"

నాకు ఏడుపొచ్చేసింది. రేకుల మేస్త్రీని బతిమాలి గేటు దాకా నడుమెత్తున ఇనుప గొట్టం వేయించాను. ఎండకు చెయ్యి పెడితే చుర్రుమంటుంది. అందుకని ఆవిడ చేతికర్రను దానికి తాటిస్తూ నడుస్తున్నారు. రోజంతా టంగుటంగుమని ఒకటే మోత, పిల్లలు నిద్రపోతే ఒట్టు.

ఇక అసలు సంగతి. ఇది రాయలేకే ఇంతసేపు చుట్టూ తిరిగాను. నిన్న వీధిలో సైరన్ మోగించారు, ఉత్తుత్తిదే, అందరూ బయటపడడం అలవాటు కావాలని. పిల్లలిద్దరినీ చెరో చంకలో వేసుకుని గుమ్మంలో ఆగిపోయాను. అత్తయ్యకు ఇవ్వడానికి నాకు చెయ్యి లేదు.

"నువ్వు నడు. వెనక్కి చూడకు. గొట్టం పట్టుకుని నేనొస్తా. నిజంగా నిప్పొచ్చినా ఇంతే. సరేనను" అన్నారు.

సరేనన్నానండి. పరుగెత్తాను కూడా. వెనక టంగుటంగుమని వినిపిస్తూనే ఉంది. సగం దారిలో ఆ చప్పుడు ఆగిపోయింది. నేను మాత్రం ఆగలేదు. గేటు దాటి, రోడ్డు మీదకు పోయాకే తిరిగి చూశాను.

కాసేపటికి తాపీగా వచ్చారు. "నువ్వు ఆగుతావేమోనని కావాలనే నిలబడ్డా. ఆగలేదు. ఇక నాకు భయం లేదే పిల్లా" అని నా తల నిమిరారు.

ఆవిడకు లేదు. నాకు మాత్రం అప్పటినుంచీ అన్నం సయించడం లేదు. సెలవు ఇవ్వకపోయినా రండి. మీ అమ్మను ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకురావాలి.

ఇట్లు,
మీ అమ్మగారికి సరేనన్న
మీ ఆవిడ